వానరోజు పోని ఫ్యూజు

పిల్లలూ! "ఫ్యూజు పోయింది" అన్న మాట మీరందరూ వినే ఉంటారు. ఆ మాట అనేటప్పుడు పెద్దవాళ్ళు ఫ్యూజు మీద విసుక్కోవటం కూడా చూసే ఉంటారు. పాపం, అది చేసిన తప్పేమీ లేదు. తప్పు మరెక్కడో జరిగింది. ఆ తప్పు పెరిగి నిప్పు కాకుండా, తాను మధ్యలో తెగిపోయి ప్రవాహాన్ని ఆపింది. ఫ్యూజు ఒకసారి పోతే కొత్తది వెయ్యవచ్చు. రెండోసారి పోతే కాస్త ఆలోచించాలి. మూడోసారి కూడా పోయిందంటే, కొత్తది వెయ్యటం మాని కారణం వెతకాలి. ఈ నెల మీకు ఏడుసార్లు పోయిన ఒక ఫ్యూజు సంగతి చెబుతాను.

మా భీమడోలు గుండా పెద్ద రహదారి పోతుంది. చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే పాత దారి అదే. ఏలూరు దాటి తాడేపల్లిగూడెం వైపు వెళ్ళే బస్సులూ, లారీలూ అన్నీ మా ఊరు మీదుగానే పోవాలి. ద్వారకా తిరుమల వెళ్ళే యాత్రికులు ఇక్కడే మలుపు తిరుగుతారు. దక్షిణాన కొల్లేరు ఉన్నది గదా, ఆగడాలలంక వైపు నుంచి ఐసు నింపిన చేపల పెట్టెలతో వాహనాలు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి. అంతమంది మనుషులు పోయే చోట ఆకలి కూడా ఉంటుంది. అందుచేత సాయంకాలం అయ్యేసరికి రోడ్డు పక్కన టిఫిను బళ్ళు వెలుస్తాయి.

అటువంటి బండి ఒకటి మా వీధిలోవాళ్ళది. బండి అంటే తోపుడుబండి కాదు. రెండు చక్రాల మీద ఇనప చట్రం, దాని మీద రేకుల గది, లోపల గట్టు, పొయ్యి, గ్యాసు సిలిండరు, గిన్నెలు. ఇంటి దగ్గర నుంచి ట్రాలీ ఆటో వెనక తగిలించి రోడ్డు దాకా లాక్కుపోతారు. గదికి ఒక పక్క పెద్ద రేకు తలుపు ఉన్నది. అది పక్కకు తెరుచుకోదు, పైకి లేస్తుంది. పైకెత్తి ఊతకడ్డీ పెడితే అదే పందిరి అవుతుంది. కొనేవాళ్ళు దాని కింద నిలబడి ఇడ్లీలు తింటారు. రోడ్డు పక్కన కరెంటు లేదు గనక లోపల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి పెట్టుకున్నారు. పగలు ఇంట్లో దానికి చార్జింగు పెడతారు. రాత్రి అది నాలుగు దీపాలనూ, ఒక చిన్న ఫ్యానునూ నడుపుతుంది. నాలుగు దీపాల్లో మూడు లోపల, నాలుగోది ఆ రేకు తలుపుకే బిగించి ఉన్నది.

బండి నడిపేది మొగుడూ పెళ్ళామూ. వాళ్ళ అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్ళో పాఠాలు అయ్యాక బండి దగ్గరకే పోయి, గట్టు చివర పుస్తకం పెట్టుకుని ఆ దీపం కిందే చదువుకుంటుంది. కాబట్టి దీపం ఆరిపోతే నష్టం ఇడ్లీలకు మాత్రమే కాదు.

వర్షాకాలం మొదలయిన కొద్ది రోజులకు ఆ బండిలో ఫ్యూజు పోవటం ప్రారంభించింది. ఉన్నట్టుండి దీపాలన్నీ ఆరిపోతాయి. కొత్త ఫ్యూజు వెయ్యగానే అన్నీ చక్కగా వెలుగుతాయి, మళ్ళీ ఇంటికి వెళ్ళేదాకా ఏమీ కాదు. రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు మళ్ళీ పోతుంది. ఇటువంటి జబ్బే అన్నిటికంటె చెడ్డది. ఎప్పుడూ ఉండే జబ్బును వైద్యుడు చూడగానే పట్టుకుంటాడు. వచ్చి పోయే జబ్బు వైద్యుడి ఎదుట కూర్చోగానే మాయమవుతుంది.

వాహనాల్లో వాడే ఫ్యూజు చూశారా? ఇంట్లో పింగాణీ ఫ్యూజులాగా ఉండదు. వేలిగోరంత ప్లాస్టిక్ బిళ్ళ, దానికి రెండు రేకు కాళ్ళు, మధ్యలో సన్నని లోహపు పట్టీ. ఏ ఫ్యూజు ఎంత ప్రవాహానికి ఆగుతుందో రంగును బట్టి చెప్పవచ్చు. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఈ బండిలో ఉన్నది నీలం.

మొదట నాలుగు నీలం ఫ్యూజులు పోయాయి. బాగుచెయ్యటానికి వచ్చిన మనిషి, "లోడు ఎక్కువయింది, పెద్దది వెయ్యండి" అని పసుపుది వేశాడు. పసుపువి రెండు పోయాయి. ఆకుపచ్చది వేశాడు. అదీ పోయింది. అప్పుడతను, "ఇక ఈ బిళ్ళలతో లాభం లేదు. రాగి తీగె చుట్టేస్తే మళ్ళీ మీకు బెంగ ఉండదు" అన్నాడట. ఆ అమ్మాయి ఆ మాట విని, మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఫ్యూజు బదులు రాగి తీగె పెట్టవచ్చునాండీ?" అని అడిగింది.

పిల్లలు అడిగే ప్రశ్నలకు "పెట్టకూడదు" అని చెప్పి పంపేస్తే చాలదు. ఎందుకు పెట్టకూడదో చెప్పాలి. అందుకని ఆ అమ్మాయికి చెప్పినదంతా మీకూ చెబుతాను.

తీగెలో విద్యుత్తు ప్రవహిస్తే తీగె వేడెక్కుతుంది. ఎంత వేడెక్కుతుందో లెక్కకట్టినవాడు జేమ్స్ జూల్ అనే ఇంగ్లీషువాడు. ఆయన తండ్రి బీరు తయారుచేయించేవాడు. జూల్ కూడా ఆ వ్యాపారమే చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఇంట్లో ప్రయోగాలు చేసేవాడు. 1841లో ఆయన ప్రకటించిన నియమం ఇది: ప్రవాహం రెండు రెట్లయితే వేడి రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లవుతుంది. ప్రవాహం మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. పది రెట్లయితే నూరు రెట్లు!

ఇప్పుడు బండిలోని లెక్క చూద్దాం. నాలుగు దీపాలు, ఒక్కొక్కటి 10 వాట్లు, మొత్తం 40. ఫ్యాను 24. ఫోనుకు చార్జింగు పెట్టేది 10. అన్నీ కలిపితే 74 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 74ను 12తో భాగించండి. ఆరు ఆంపియర్లకు కాస్త పైన. ఫ్యూజు 15 ఆంపియర్లది. అంటే అన్నీ ఒకేసారి వెలిగించినా ఫ్యూజుకు సగం బరువు కూడా పడదు. "లోడు ఎక్కువయింది" అన్న మాట ఇక్కడే పోయింది. ఆ మాట అన్న మనిషి ఈ చిన్న భాగారం చెయ్యలేక కాదు, చెయ్యలేదు, అంతే. చేసి ఉంటే ఏడు ఫ్యూజుల్లో మూడు మిగిలేవి.

మరి 30 ఆంపియర్ల ఫ్యూజును కూడా తెంచెయ్యగలిగినంత ప్రవాహం ఎక్కడి నుంచి వచ్చింది? బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన విద్యుత్తు దీపం గుండా పోయి మైనస్‌కు చేరాలి. దీపం దానికి అడ్డు. ఆ అడ్డు వల్లనే ప్రవాహం అదుపులో ఉంటుంది. దీపం దాకా పోకుండా మధ్యలోనే ప్లస్ తీగె, మైనస్ తీగె ఒకదానికొకటి తగిలాయనుకోండి, ఇక అడ్డేమీ లేదు. కాలవకు గండి పడినట్టే. దీన్నే షార్టు అంటారు. బ్యాటరీలోనూ, తీగెల్లోనూ ఉన్న కొద్దిపాటి నిరోధం అంతా కలిపి ఒక ఓమ్‌లో పదోవంతు ఉన్నదనుకుంటే, 12 వోల్టులకు 120 ఆంపియర్లు పారుతుంది! ఆరు ఉండవలసిన చోట 120. అంటే ఇరవై రెట్లు. జూల్ నియమం ప్రకారం వేడి ఎన్ని రెట్లు? ఇరవై ఇరవైలు నాలుగు వందలు.

నాలుగు వందల రెట్లు వేడి పుడితే ఏదో ఒకటి కరగక తప్పదు. ఏది కరగాలో మనం ముందే నిర్ణయించి పెట్టుకున్నామే, అదే ఫ్యూజు. పింగాణీ ఫ్యూజుల్లో వాడే తీగెలో తగరం, సీసం కలిసి ఉండేవి. తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఈ బిళ్ళల్లోని పట్టీలు ఎక్కువగా జింకుతో చేస్తారు. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి! లావుపాటి రాగి తీగె చుట్టారంటే, అది కరగదు. దానికి బదులు గోడ వెంట పోయే సన్నని తీగెలు ఎర్రగా కాలతాయి. వాటి ప్లాస్టిక్ తొడుగు కరిగి మండుతుంది. ఆ బండిలో ఆ తీగెలు ఎక్కడ పోతున్నాయో తెలుసా? గ్యాసు గొట్టానికి జానెడు దూరంలో.

30 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యటం కూడా సగం రాగి తీగె వేసినట్టే. ఫ్యూజు దీపాన్ని కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. అది తీగెను కాపాడటానికి. అందుచేత ఫ్యూజు ఎంతది వెయ్యాలో తీగె లావును బట్టి ఏర్పాటు చేస్తారు. పది ఆంపియర్లకు మించి మొయ్యలేని సన్నని తీగెలో పాతిక ఆంపియర్లు పారినా ఆకుపచ్చ ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది. ఎందుకంటే 30 లోపల ఏమి జరిగినా దానికి సంబంధం లేదు.

మనిషికి ఈ ఉపాయం తోచటం కొత్తగా కాదు. 1847లోనే బ్రెగే అనే ఫ్రెంచివాడు, టెలిగ్రాఫు ఆఫీసులను పిడుగుల బారినుంచి కాపాడటానికి దారిలో సన్నని తీగె ముక్క పెట్టమని చెప్పాడు. పిడుగు పడితే ఆ ముక్క తెగుతుంది, ఆఫీసు మిగులుతుంది. విద్యుద్దీపాలు పెట్టే రోజులు వచ్చాక, ఎడిసన్ ఫ్యూజుకు పేటెంటు తీసుకున్నాడు.

ఇదంతా విని ఆ అమ్మాయి, "అయితే ఎక్కడో తీగెలు తగులుతున్నాయన్న మాట. ఎక్కడో ఎలా తెలుస్తుందండీ?" అన్నది.

"పోయిన ఫ్యూజులు పారేశారా?" అని అడిగాను.

పారెయ్యలేదు. ఖాళీ ఇంగువ డబ్బాలో వేసి ఉంచింది. తీసి చూస్తే ఏడింటికీ మధ్య పట్టీ ఆనవాలు లేకుండా పోయి, ప్లాస్టిక్ లోపల నల్లగా మసి పట్టి ఉన్నది. ఇది మంచి సాక్ష్యం. ప్రవాహం కొద్దిగా ఎక్కువయి, చాలాసేపు పారితే పట్టీ మెల్లిగా మెత్తబడి మధ్యలో తెగుతుంది. ప్లాస్టిక్ దాదాపు శుభ్రంగానే ఉంటుంది. ఒక్కసారిగా పెద్ద ప్రవాహం వచ్చి మీద పడితే పట్టీ పేలిపోయి మసి కొడుతుంది. అందుచేత ఇది షార్టే అని రూఢి అయింది.

తరవాత ఆ అమ్మాయి తన నోటుబుక్కు తీసింది. నేను నివ్వెరపోయిన సంగతి ఇదే. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఇరవై నాలుగు రోజులకు గళ్ళు గీసి ఉన్నది. తేదీ, వాన ఉన్నదా లేదా, ఫ్యూజు పోయిందా లేదా. ఎవరూ చెప్పకుండా తనంతట తానే రాసుకున్నది. ఎందుకు రాశావని అడిగితే, "వాన తడికే పోతున్నదని నాన్న అన్నాడండి. నిజమో కాదో చూద్దామని రాశాను" అన్నది.

చూస్తే ఏమి తేలిందనుకున్నారు? ఇరవై నాలుగు రోజుల్లో తొమ్మిది రోజులు వాన పడింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కనాడు కూడా ఫ్యూజు పోలేదు! పోయిన ఏడుసార్లూ ఆకాశం తెరిపిగా ఉన్న రోజులే.

తడి తగిలితే షార్టు అవుతుందని అందరూ అంటారు. చాలాచోట్ల అది నిజం కూడా. కాని ఇక్కడ వాన పడితే ఫ్యూజు క్షేమంగా ఉంటున్నది. వాన ఫ్యూజుకు మేలు చేసే విధానం ఏదీ నాకు తెలియదు. కాబట్టి వానకూ, ఫ్యూజుకూ మధ్య మరేదో ఉండాలి. వానరోజు ఆ బండి దగ్గర ఎవరో ఏదో వేరుగా చేస్తున్నారు. ఏమిటది?

ఇక్కడ పత్రిక మూసి మీరూ ఒక నిమిషం ఆలోచించండి. పైన బండి ఎలా ఉంటుందో చెప్పాను గదా, అందులోనే జవాబు ఉన్నది.

ఆ అమ్మాయికి ఇంకో సంగతి కూడా గుర్తున్నది. తెరిపి రోజులు పదిహేనులో ఏడు రోజులే ఫ్యూజు పోయింది, ఎనిమిది రోజులు పోలేదు. "నాన్న బండి తెరిచిన రోజునే పోతుందండి. అమ్మ తెరిస్తే పోదు. అమ్మ ఎప్పుడూ ‘నీ చెయ్యి మంచిది కాదు’ అని నాన్నను ఏడిపిస్తుంది" అన్నది నవ్వుతూ.

చెయ్యి మంచిది కాకపోవటమేమిటి! చెయ్యి పొడుగులో ఉన్నది కిటుకంతా. ఆ రేకు తలుపుకు పెట్టే ఊతకడ్డీలకు రెండేసి కన్నాలు ఉన్నాయి. పై కన్నంలో చీల పెడితే తలుపు పూర్తిగా లేస్తుంది. కింది కన్నంలో పెడితే సగమే లేస్తుంది. వాన పడేటప్పుడు జల్లు లోపలికి కొట్టకుండా సగమే ఎత్తుతారు. తల్లి పొట్టి మనిషి. ఆవిడకు పై కన్నం అందదు. అందుచేత ఆవిడ ఎప్పుడు తెరిచినా సగమే. తండ్రి పొడుగరి. తెరిపి రోజున ఆయన వస్తే చీకటి పడుతున్నది గదా అని ముందు లోపల దీపాలు వేసి, తరవాత తలుపును బలంగా పైకి నెట్టి, పై కన్నంలో చీల దోపుతాడు. సరిగ్గా అప్పుడే ఫ్యూజు పోతున్నది. వానా కాదు, చెయ్యీ కాదు; తలుపు!

అయితే ఒక చిక్కు మిగిలింది. తలుపు పూర్తిగా ఎత్తి ఉండగానే కొత్త ఫ్యూజు వేస్తే అది పోవటం లేదే! రాత్రంతా నిలుస్తున్నదే! దీని సంగతి బండి చూస్తే గాని చెప్పలేననుకుని సాయంకాలం వెళ్ళాను.

వెళ్ళగానే మొదట చేసిన పని, సిలిండరు వాల్వు కట్టేయించి దాన్ని బండి నుంచి దింపించి దూరంగా పెట్టించటం. బ్యాటరీ ఉన్న గూటి తలుపు తెరిపించి కాసేపు గాలి ఆడనిచ్చాను. సీసపు బ్యాటరీకి చార్జింగు పెట్టినప్పుడు ఉదజని వాయువు పుడుతుంది. అది నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. చేతి గడియారం, ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. "12 వోల్టులకు ఇంత భయమెందుకండి మాస్టారూ, ముట్టుకున్నా షాకు కొట్టదుగా" అన్నాడు తండ్రి. షాకు కొట్టదు, నిజమే. కాని ఉంగరం ప్లస్‌కూ ఇనప చట్రానికీ మధ్య ఇరుక్కుంటే అది దీపం వత్తిలా ఎర్రబడి వేలిని కాలుస్తుంది. వోల్టులు తక్కువైనంత మాత్రాన ఆంపియర్లు తక్కువ కావు.

ఇప్పుడు అసలు పరికరం. దాని ఖరీదు ఒక టిఫిను ఖరీదుకు మించదు. మోటారు సైకిలు బాగుచేసే కొట్లో 21 వాట్ల 12 వోల్టుల బల్బు ఒకటి తెప్పించాను. బ్రేకు వేసినప్పుడు వెనక ఎర్రగా వెలుగుతుందే, ఆ అద్దం వెనక ఉండే బల్బు. దానికి రెండు తీగె ముక్కలు కలిపి, ఫ్యూజు తీసేసిన చోట ఫ్యూజుకు బదులుగా ఆ బల్బును తగిలించాను.

ఇందులో ఉన్న అందం చూడండి. షార్టు అయితే ఫ్యూజు తెగి ఊరుకుంటుంది. తెగిన తరవాత అది మనకు ఏమీ చెప్పదు. కాని బల్బు తెగదు. షార్టు అయినంతసేపూ ధగధగ వెలుగుతుంది, షార్టు పోగానే ఆరిపోతుంది. పైగా బల్బే అడ్డుగా ఉన్నది గనక రెండు ఆంపియర్లయినా పారవు. ఏ తీగే కాలదు. ఎన్నిసార్లయినా పరీక్షించవచ్చు. ఫ్యూజు పెట్టి వెతికితే ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఫ్యూజు ఖర్చు. బల్బు పెట్టి వెతికితే వెయ్యి ప్రశ్నలకూ ఒక్క బల్బు చాలు.

దీపాలూ, ఫ్యానూ అన్నిటి కనెక్షన్లూ ఊడదీయించి, స్విచ్చులు మాత్రం వేసి ఉంచాను. లేకపోతే వాటి గుండా పారే ప్రవాహానికే బల్బు వెలుగుతుంది, ఏది షార్టో తెలియదు. ఇప్పుడు బల్బు వెలగకూడదు. వెలగలేదు. లోపలి మూడు దీపాల తీగెలు కదిలించి చూశాం. వెలగలేదు. ఫ్యాను తీగె కదిలించాం. లేదు. తలుపు సగం ఎత్తించాను. లేదు. "ఇక పైకి నెట్టు" అన్నాను. తండ్రి రెండు చేతులతో తలుపును పైకి నెట్టాడు. చీల దోపాలంటే తలుపును కన్నం కంటె ఒక అంగుళం పైకి లేపి, చీల పెట్టాక దాని మీదకు వదలాలి. ఆ అంగుళం పైకి లేచినప్పుడు బల్బు భగ్గుమని వెలిగింది! చీల మీద తలుపు వాలగానే ఆరిపోయింది.

"మళ్ళీ!" అన్నది అమ్మాయి. మళ్ళీ నెట్టాడు. మళ్ళీ వెలిగింది. నాలుగైదుసార్లు చేయించి చూసింది. తల్లి మాత్రం, "నీ చెయ్యి కాదులే, పోనీ" అన్నది.

మిగిలిన చిక్కు కూడా అక్కడే విడిపోయింది. షార్టు అవుతున్నది తలుపు పైన నిలిచి ఉన్నప్పుడు కాదు, ఆ అంగుళం దాటినప్పుడు మాత్రమే. అరక్షణం. ఫ్యూజు తెగటానికి అరక్షణం చాలు. ఆ తరవాత కొత్తది వేస్తే నిలవక ఏం చేస్తుంది?

మడతబందుల దగ్గర రేకు విప్పి చూశాం. తలుపుకు బిగించిన నాలుగో దీపానికి పోయే తీగె అక్కడ ఒక కన్నం గుండా బయటకు వస్తుంది. బండి తయారుచేసినవాళ్ళు రేకుకు డ్రిల్లుతో కన్నం పొడిచి, తీగెను అలాగే దూర్చేశారు. అంచు చాకులా ఉన్నది. తలుపు లేచిన ప్రతిసారీ తీగె బిగుసుకుని ఆ అంచు మీద రాసుకుంటున్నది. బండి గతుకుల్లో పోతున్నప్పుడు కూడా రాసుకుంటున్నది. ప్లాస్టిక్ తొడుగు తెగి, లోపలి రాగి చీమతలకాయంత బయటపడింది. ఎదురుగా రేకు మీద చిన్న నల్లమచ్చ. నిప్పురవ్వలు లేచిన చోటు అదే.

"రేకుకు తగిలితే ఏమయిందండి? రేకు మైనస్ తీగె కాదుగా" అని మీలో కొందరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కారుల్లోనూ, లారీల్లోనూ బ్యాటరీ మైనస్‌ను ఇనప చట్రానికి కలిపేస్తారు. చట్రమంతా ఒక పెద్ద తీగెలా పనిచేస్తుంది. ప్రతి దీపానికీ రెండు తీగెలు లాగక్కరలేకుండా ఒకటి లాగితే సరిపోతుంది. ఈ బండిలోనూ అలాగే చేశారు. పొదుపే. కాని ఆ పొదుపు వల్ల బండిలోని ప్రతి ఇనప ముక్కా మైనస్ అయి కూర్చుంటుంది. ప్లస్ తీగె ఎక్కడ చర్మం ఊడినా అక్కడ షార్టు సిద్ధం.

బాగుచెయ్యటానికి గంట పట్టలేదు. బ్యాటరీకి మైనస్ తీగెను ముందు ఊడదీశాం. ముందు మైనస్ ఎందుకంటే, ప్లస్ విప్పేటప్పుడు చేతిలోని పానా చట్రానికి తగిలినా అప్పుడు ఏమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు మైనస్ చివర. కన్నం అంచును ఆకురాయితో నున్నగా రాపించి, దానికి రబ్బరు ఉంగరం తొడిగాం. తెగిన తీగెకు టేపు చుట్టి సరిపెట్టకుండా, కొత్త తీగె వేసి, మడతబందు దగ్గర ఒక చుట్టు వదులుగా ఉంచి, ముడతల గొట్టంలో దూర్చాం. మీరు కారు తలుపు తెరిచినప్పుడు తలుపుకూ బండికీ మధ్య నల్లని ముడతల రబ్బరు కనిపిస్తుంది చూడండి, అది కూడా ఇందుకే. ఆ దీపానికి విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి పెట్టించాను. ఇకమీదట ఆ తీగెకు ఏమైనా అయితే ఆ ఒక్క దీపమే ఆరుతుంది, లోపలి వెలుగు ఉంటుంది. బ్యాటరీ దగ్గర ఆకుపచ్చది కాదు, తిరిగి నీలందే వేశాం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ బల్బు పరీక్ష 12 వోల్టుల బ్యాటరీకి, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉండగా చెయ్యదగినది. మన ఇళ్ళలో వచ్చే కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఫ్యూజు పోయినా, బోర్డులో మీట పడిపోయినా మీరు చెయ్యి పెట్టవద్దు. మళ్ళీ మళ్ళీ పోతున్నదని గళ్ళు గీసి రాసి ఉంచండి, వచ్చిన ఎలక్ట్రీషియనుకు చూపండి. అతనికి దానికంటె పెద్ద సాయం లేదు. సీసపు బ్యాటరీని కూడా ఒంటరిగా కదిలించవద్దు. దానిలో గంధకికామ్లం ఉంటుంది. చుక్క పడితే గుడ్డకు కన్నం, కంటికి చేటు. ఇన్ని దోషాలు ఉన్నా 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఆ సీసపు పలకల పద్ధతే ఇప్పటికీ మన వాహనాల్లో నడుస్తున్నది. ఒక్కో అరకు సుమారు 2 వోల్టులు, ఆరు అరలకు 12. మన రాష్ట్రంలో తిరుపతి దగ్గర కరకంబాడిలోనే వీటిని తయారుచేసే పెద్ద కర్మాగారం ఉన్నది.

ఆ మర్నాటి నుంచి నోటుబుక్కులో గళ్ళు ముప్ఫై ఒకటి నిండాయి. ఫ్యూజు గడిలో ఒక్క గుర్తు కూడా లేదు. తండ్రి ఇప్పుడు కొత్త ఆలోచనలో పడ్డాడు. బండిలోనే చట్నీ రుబ్బుకోవటానికి, బ్యాటరీ మీద నడిచేలా 300 వాట్ల మిక్సీ పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి నోటుబుక్కులో రెండు వరసలు లెక్క కట్టి, "నీలం ఫ్యూజు ఆగదు నాన్నా. ఫ్యూజు ఒక్కటి మారిస్తే కూడా కుదరదు" అన్నది.

ఎందుకు ఆగదో, ఫ్యూజు ఒక్కటే మారిస్తే ఎందుకు కుదరదో, ఇంకా ఏమేమి మార్చాలో మీరూ లెక్క కట్టి చూడండి. దీపాలూ, ఫ్యానూ కూడా అదే సమయంలో నడుస్తుంటాయని మరిచిపోకండి.